విధుల్లో మరణించిన, గాయపడిన పోలీసుల రికార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుగుతుంది. ఆ ఏడాది ప్రాణాలు కోల్పోయిన వారి పేర్లు చదువుతారు, గౌరవవందనం చేస్తారు. ఆ పేర్ల వెనుక ఉన్న కాగితాల గురించి అడిగేవారు మాత్రం తక్కువ. ఒక కానిస్టేబులు ఏ పని మీద వెళ్లి చనిపోయారు, అప్పటికి ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నారు, ఆ మరణాన్ని ఏ పద్దులో రాశారు, కుటుంబానికి రావలసినవన్నీ వచ్చాయా? ఈ ప్రశ్నలకు జవాబులు ప్రభుత్వ ఫైళ్లలోనే ఉన్నాయి. వాటిని అడిగి తెచ్చుకోవాలనుకునే కుటుంబ సభ్యులకు, విలేకరులకు, పరిశోధక విద్యార్థులకు ఈ పేజీ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలను దృష్టిలో పెట్టుకుని రాశాను.

ఈ వివరాలు అడిగే హక్కు మామూలు పౌరుడికి ఉందా?

ఉంది. 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న సమాచార హక్కు చట్టం పోలీసు శాఖకూ వర్తిస్తుంది. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదని సెక్షన్ 6(2) స్పష్టంగా అంటుంది. "మీకు ఆయన ఏమవుతారు?" అని కౌంటరులో అడిగినా జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. రాయడం రానివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయవలసిన బాధ్యత ఆ కార్యాలయంలో సమాచార దరఖాస్తులు చూసే పౌర సమాచార అధికారిదే.

దరఖాస్తు పెట్టకుండానే దొరికేవి ఏమిటి?

చాలానే ఉన్నాయి, ముందు అవి చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, ప్రచురించే 'క్రైమ్ ఇన్ ఇండియా' సంపుటాల్లో విధి నిర్వహణలో చనిపోయిన, గాయపడిన పోలీసుల పట్టికలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. తీవ్రవాదుల చేతిలో, అల్లరి మూకల చేతిలో, ఇతర నేరస్తుల చేతిలో, దాడులకు వెళ్లినప్పుడు, ప్రమాదాల్లో అని కారణాలను విడదీసి చూపుతారు. ఈ పద్దుల పేర్లు కాలక్రమంలో మారాయి కాబట్టి పదేళ్ల అంకెలను పక్కపక్కన పెట్టే ముందు ఏ ఏడాది పట్టికలో ఏ శీర్షిక ఉందో చూసుకోవాలి. పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ, బీపీఆర్‌డీ, వెలువరించే వార్షిక గణాంకాల్లో సిబ్బంది బలం, ఖాళీలు తెలుస్తాయి. మరణాల సంఖ్యను సిబ్బంది సంఖ్యతో పోల్చాలంటే ఇవి అవసరం.

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ పోలీసు స్మారకం 2018 అక్టోబరు 21న ప్రారంభమైంది. అక్కడి శౌర్య కుడ్యం మీద స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి ప్రాణాలిచ్చిన వేలాది మంది పోలీసుల పేర్లు చెక్కి ఉన్నాయి. కేంద్ర బలగాల్లో చనిపోయిన జవాన్ల వివరాలు 2017లో మొదలైన 'భారత్ కే వీర్' పోర్టల్లో ఉంటాయి. శాసనసభలోనూ పార్లమెంటులోనూ హోంశాఖ ఇచ్చిన లిఖితపూర్వక జవాబులు మరో మంచి వనరు. అక్కడ ఇచ్చిన అంకెను తర్వాత ఏ కార్యాలయమూ కాదనలేదు.

ఎఫ్ఐఆర్ కావాలంటే రాష్ట్ర పోలీసు వెబ్‌సైటులో వెతకండి. నమోదైన 24 గంటల్లోగా ఎఫ్ఐఆర్‌లను వెబ్‌సైటులో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు యూత్ బార్ అసోసియేషన్ కేసులో ఆదేశించింది. లైంగిక నేరాలు, తీవ్రవాదం, తిరుగుబాటు వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి మావోయిస్టు ఘటనలో పోలీసు చనిపోయిన కేసు ఎఫ్ఐఆర్ అక్కడ కనిపించకపోవచ్చు. లారీ ఢీకొని చనిపోయిన హెడ్ కానిస్టేబులు కేసు కనిపించాలి.

సంస్మరణ దినాన చదివే సంఖ్యకూ ఎన్‌సీఆర్‌బీ సంఖ్యకూ పొంతన కుదరడం లేదు. ఎవరిది తప్పు?

ఎవరిదీ తప్పు కానక్కరలేదు. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు చనిపోయారు. ఆ రోజునే సంస్మరణ దినంగా పాటిస్తున్నారు. ఆ సందర్భంగా ప్రకటించే సంఖ్య సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు లెక్క. ఎన్‌సీఆర్‌బీది జనవరి నుంచి డిసెంబరు. ప్రభుత్వ పింఛను, బడ్జెట్ లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి. మూడు క్యాలెండర్ల మధ్య ఒకే మరణం వేరువేరు సంవత్సరాల్లో పడుతుంది.

దీనికంటే పెద్ద తేడా అర్హతలో ఉంది. అమరుల జాబితాలో చేర్చడానికి ఒక ప్రమాణం, ఎక్స్‌గ్రేషియాకు మరొకటి, గణాంకాలకు ఇంకొకటి. బందోబస్తు ముగించుకుని ఇంటికి వెళ్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోయిన మనిషి ఒక జాబితాలో ఉండి మరో జాబితాలో లేకపోవచ్చు. ఈ తేడా దగ్గరే కుటుంబాలకు అన్యాయం జరిగే అవకాశం ఎక్కువ. అందుకే నా సలహా ఒక్కటే: సంఖ్య అడిగిన ప్రతిసారీ, ఆ సంఖ్యలోకి ఎవరిని చేర్చాలో నిర్ణయించిన ఉత్తర్వు ప్రతిని కూడా అడగండి. ప్రమాణం చేతికి వస్తేనే ఎవరిని వదిలేశారో తెలుస్తుంది.

ఎవరికి దరఖాస్తు పెట్టాలి?

ఒక ఘటన గురించయితే ఆ జిల్లా ఎస్పీ కార్యాలయం లేదా పోలీసు కమిషనరేట్‌లోని పౌర సమాచార అధికారికి. రాష్ట్రమంతటి అంకెలు కావాలంటే డీజీపీ కార్యాలయానికి, అంటే తెలంగాణలో హైదరాబాద్ లక్డీకాపూల్‌కు, ఆంధ్రప్రదేశ్‌లో మంగళగిరికి. ఎక్స్‌గ్రేషియా జీవోలు, విధాన నిర్ణయాలు సచివాలయంలోని హోంశాఖలో ఉంటాయి. ప్రత్యేక పోలీసు బెటాలియన్‌లో పనిచేసిన వారి సర్వీసు రికార్డు బెటాలియన్ కమాండెంట్ కార్యాలయంలో ఉంటుంది, ఘటన రికార్డు మాత్రం ఘటన జరిగిన జిల్లాలో. ఇలాంటప్పుడు రెండు దరఖాస్తులు పెట్టడమే మేలు.

తప్పు కార్యాలయానికి వెళ్లిందని కంగారు పడకండి. సెక్షన్ 6(3) ప్రకారం సరైన కార్యాలయానికి 5 రోజుల్లోగా బదిలీ చేసి, ఆ సంగతి మీకు తెలపాలి. "ఇది మా పరిధి కాదు" అని ఒక వాక్యం రాసి దరఖాస్తు వెనక్కి పంపడం చట్టం ఒప్పుకోని పని.

జిల్లాల విభజన వల్ల ఒక చిక్కు ఉంది. తెలంగాణలో 2016 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకుముందు జరిగిన ఘటనల ఫైళ్లు కొన్ని పాత జిల్లా కార్యాలయంలోనే ఉండిపోయాయి, కొన్ని కొత్త జిల్లాకు వెళ్లాయి. దరఖాస్తులో ఘటన జరిగిన స్టేషను, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా మూడూ రాస్తే "మా వద్ద రికార్డు లేదు" అనే జవాబుకు చోటు తగ్గుతుంది.

ఏ రికార్డులు ఉంటాయో తెలియకుండా ఏమని అడగాలి?

చాలా దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి. "ఫలానా ఎస్సై మృతికి కారణాలు ఏమిటి, బాధ్యులు ఎవరు, ఎందుకు చర్య తీసుకోలేదు?" అని రాస్తే అది ప్రశ్నాపత్రం అవుతుంది. చట్టం ఇచ్చేది ఇప్పటికే రికార్డులో ఉన్న సమాచారాన్ని. కొత్తగా వివరణ తయారుచేసి ఇవ్వవలసిన బాధ్యత అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పింది. కాగితాన్ని పేరు పెట్టి అడగాలి. ఆ పేర్లు ఇవి.

ఘటన రోజుకు సంబంధించి స్టేషను జనరల్ డైరీ ముఖ్యం, స్టేషన్లలో దీన్ని జీడీ అంటారు. ఎవరు ఎన్ని గంటలకు ఏ పని మీద బయల్దేరారు, ఎవరు తిరిగివచ్చారు అన్నది అందులో నమోదవుతుంది. మనిషి డ్యూటీలో ఉన్నారా లేదా అన్న వివాదాన్ని తేల్చేది తరచుగా ఆ ఒక్క పంక్తే. దానితోపాటు డ్యూటీ రోస్టరు, బయటి బందోబస్తుకు పంపితే ఇచ్చిన డ్యూటీ పాస్‌పోర్టు లేదా ఉత్తర్వు, పోలీసు వాహనంలో వెళ్తే ఆ వాహనం లాగ్‌బుక్ అడగండి. రాత్రంతా నడిపిన డ్రైవరు తెల్లవారుజామున ప్రమాదానికి గురైతే, ముందు రోజుల లాగ్‌బుక్ పేజీలు ఎంత మాట్లాడతాయో చెప్పనక్కరలేదు.

తర్వాత ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, గాయపడితే ఆసుపత్రి ఇచ్చిన గాయాల ధ్రువపత్రం. ఆపై యూనిట్ అధికారి పై కార్యాలయానికి పంపిన ఘటన నివేదిక, శాఖాపరమైన విచారణ జరిగితే దాని నివేదిక. చివరిగా డబ్బుకు, ఉద్యోగానికి సంబంధించినవి: ఎక్స్‌గ్రేషియా మంజూరు ప్రొసీడింగ్స్, పింఛను ప్రతిపాదన, పోలీసు సంక్షేమ పథకాలైన ఆరోగ్య భద్రత, భద్రత కింద చెల్లింపుల వివరాలు, కారుణ్య నియామకం ఫైలు. ఫైలు అడిగినప్పుడు "నోట్‌ఫైలుతో సహా" అని రాయడం మరవకండి. ఫైలు మీద అధికారులు వరుసగా రాసిన వ్యాఖ్యల పేజీలే నోట్‌ఫైలు; ఏ అధికారి బల్ల మీద ఎన్ని నెలలు ఆగిందో అది మాత్రమే చెబుతుంది.

ఏ ఫైలులో ఏముందో తెలియకపోతే సెక్షన్ 2(జె) కింద రికార్డుల తనిఖీకి అనుమతి అడగవచ్చు. కార్యాలయానికి వెళ్లి, ఫైలు చూసి, కావలసిన పేజీలకే నకళ్లు తీసుకోవచ్చు. దూరం కాకపోతే నాకు అన్నిటికన్నా నచ్చే దారి ఇదే.

ఒక నమూనా చూపిస్తారా?

గణాంకాల కోసం ఇలా రాయవచ్చు:

"పౌర సమాచార అధికారి గారికి, జిల్లా పోలీసు కార్యాలయం. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద ఈ కింది సమాచారం కోరుతున్నాను.

1. 2019 జనవరి 1 నుంచి 2023 డిసెంబరు 31 వరకు విధి నిర్వహణలో మరణించిన పోలీసు సిబ్బంది సంఖ్య: సంవత్సరం, హోదా, కారణం వారీగా. పేర్లు అవసరం లేదు.

2. అదే కాలంలో విధి నిర్వహణలో గాయపడిన సిబ్బంది సంఖ్య, అదే విధంగా.

3. ఒక మరణాన్ని విధి నిర్వహణలో జరిగినదిగా పరిగణించడానికి మీ కార్యాలయం అనుసరిస్తున్న ఉత్తర్వులు, సర్క్యులర్ల నకళ్లు.

4. పై మరణాల్లో ఎక్స్‌గ్రేషియా మంజూరైనవి ఎన్ని, పెండింగులో ఉన్నవి ఎన్ని.

సమాచారంలో కొంత భాగం ఇవ్వరానిదని మీరు భావిస్తే, సెక్షన్ 10 ప్రకారం ఆ భాగాన్ని తొలగించి మిగిలినది ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

"పేర్లు అవసరం లేదు" అన్న మాట చిన్నది కాదు. తిరస్కరణకు ఎక్కువగా వాడే 'వ్యక్తిగత సమాచారం' మినహాయింపును అది ముందే తప్పిస్తుంది. అయిదేళ్లకు మించి ఒకేసారి అడగవద్దు. మరీ ఎక్కువ అడిగితే వనరులు చాలవంటూ సెక్షన్ 7(9) చూపిస్తారు. నిజానికి ఆ సెక్షన్ సమాచారాన్ని వేరే రూపంలో ఇవ్వడానికే తప్ప నిరాకరించడానికి కాదు. అయినా ఆ వాదన అప్పీలు దాకా వెళ్లడం కన్నా మొదటే తగ్గించి అడగడం మంచిది.

ఫీజు ఎంత?

రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయాలకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పోలీసు స్టేషను ఏ స్థాయి అన్న చర్చలోకి దిగకుండా 10 రూపాయలు కట్టేయండి. కోర్టు ఫీజు స్టాంపు అంటించి స్పీడ్ పోస్టులో పంపడం సులువు, రసీదు దాచుకోండి. నకళ్లకు మామూలు సైజు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ధ్రువపత్రం జతచేస్తే ఏమీ కట్టనక్కరలేదు. జవాబుకు ఉన్న 30 రోజుల గడువు దాటాక ఇచ్చే సమాచారం ఎవరికైనా ఉచితమే, సెక్షన్ 7(6).

మేము మృతుడి కుటుంబం. మాకూ ఇదే దారా?

మీకు ఇంకా బలమైన దారులు ఉన్నాయి, ముందు వాటిని వాడండి. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో బాధితుడు అన్న మాటకు అర్థం విశాలమైనది. మృతుడి వారసులు కూడా అందులోకి వస్తారు. సెక్షన్ 173 కింద ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. సెక్షన్ 193 కింద దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలపాలి. కేసు కోర్టుకు వచ్చాక, న్యాయవాదిని పెట్టుకున్న బాధితులకు అభియోగపత్రం, వాంగ్మూలాల నకళ్లు ఇవ్వాలని సెక్షన్ 230 చెబుతుంది. ఇవేవీ ఇవ్వడం దయ కాదు, బాధ్యత.

రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు పోలీసులు పంపిన నివేదికలు అక్కడ నుంచి తీసుకోవచ్చు. ఎక్స్‌గ్రేషియా, పింఛను ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి మాత్రం ఆర్టీఐ నిజంగా పనిచేస్తుంది. అలాంటి దరఖాస్తుకు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం నకళ్లు జతచేసి, "మృతుడి భార్యగా నాకు సంబంధించిన సమాచారమే అడుగుతున్నాను" అని ఒక వాక్యం రాయండి. వ్యక్తిగత సమాచారం అనే అభ్యంతరం చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

యూనిట్‌లో ఉన్న తోటివారు "దరఖాస్తులు పెడితే సార్లకు కోపం వస్తుంది, కారుణ్య నియామకం ఆగిపోతుంది" అని భయపెట్టడం మామూలు. ఆ భయం అర్థమవుతుంది. భర్తను కోల్పోయి, క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజు ఎప్పుడొస్తుందోనని లెక్కపెట్టుకునే ఇల్లాలు కార్యాలయంతో తగువు కోరుకోదు. ముందు యూనిట్ సంక్షేమ విభాగానికి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని మీద స్టాంపు వేయించుకోండి. నెల చూసి, ఆ అర్జీ మీద తీసుకున్న చర్య ఏమిటో ఆర్టీఐలో అడగండి. అప్పుడు అది ఆరోపణలా కాకుండా మీ అర్జీకి కొనసాగింపులా ఉంటుంది.

"వ్యక్తిగత సమాచారం" అని తిరస్కరించారు. ఇప్పుడేం చేయాలి?

వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే సెక్షన్ 8(1)(జె) ఇప్పుడు మారిందని గుర్తుంచుకోండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోని 44(3) సెక్షన్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఈ మినహాయింపులోనే ప్రజా ప్రయోజనం అన్న మాట, చట్టసభకు నిరాకరించలేనిది పౌరుడికి నిరాకరించరాదన్న రక్షణ ఉండేవి. రెండూ పోయాయి. వ్యక్తిగత సమాచారం అంటే చాలు, మినహాయింపు వర్తిస్తుంది. ఇది పౌరులకు జరిగిన నష్టమని గట్టిగా నమ్ముతున్నాను.

మిగిలిన ఆధారం సెక్షన్ 8(2). హాని కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఏ మినహాయింపు ఉన్నా సమాచారం ఇవ్వవచ్చని అది ఇప్పటికీ చెబుతోంది. అప్పీలులో దీన్ని పేర్కొని, ప్రయోజనం ఏమిటో రాయండి: బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు ఇచ్చారా, వరుస డ్యూటీలు ప్రమాదాలకు దారితీశాయా, పరిహారంలో వివక్ష ఉందా. సంఖ్యలు, ఉత్తర్వులు, ప్రమాణాలు వ్యక్తిగత సమాచారం కావు. సర్వీసు రిజిస్టరు, మెమోలు, ఆస్తి వివరాలు వంటివి మాత్రం 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసు తీర్పు నాటి నుంచే రావడం కష్టం. మూడో వ్యక్తికి అవి నిజంగా అవసరమా అని ముందు మనల్ని మనం అడగాలి.

"దర్యాప్తులో ఉంది" అంటున్నారు.

దర్యాప్తు జరుగుతోంది అన్నంత మాత్రాన సెక్షన్ 8(1)(హెచ్) వర్తించదు. సమాచారం ఇస్తే దర్యాప్తుకు ఎలా ఆటంకమో అధికారి చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది. తిరస్కరణ లేఖలో ఆ కారణం లేకపోతే మొదటి అప్పీలులో ఇదే మొదటి వాక్యంగా రాయండి. కేసు డైరీ మాత్రం అడగవద్దు, రాదు. అభియోగపత్రాలను అందరికీ బహిరంగంగా పెట్టనక్కరలేదని సుప్రీంకోర్టు 2023 జనవరిలో తేల్చింది. కోర్టు తీర్పు వెలువడితే ఈ-కోర్టుల వెబ్‌సైటులో దొరుకుతుంది. ఘటన ఎలా జరిగిందో సాక్షుల మాటల్లో తెలిసేది ఎక్కువగా అక్కడే.

గ్రేహౌండ్స్, సీఆర్‌పీఎఫ్ వంటి బలగాల సంగతి?

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ వంటివి సమాచార హక్కు చట్టంలోని రెండో షెడ్యూలులో ఉన్నాయి. సెక్షన్ 24 వాటిని మినహాయిస్తుంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఈ మినహాయింపు వర్తించదు. మానవ హక్కుల అంశమైతే సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లోగా ఇవ్వాలి. శ్రీకాకుళం నుంచో కరీంనగర్ నుంచో వెళ్లి కేంద్ర బలగంలో ప్రాణాలు కోల్పోయిన జవాను కుటుంబం తనకు రావలసిన వాటి వివరాలను నేరుగా ఆ బలగం సంక్షేమ విభాగం (సీఆర్‌పీఎఫ్‌లో అయితే గ్రూప్ సెంటర్) నుంచి రాతపూర్వకంగా కోరడం మేలు.

రాష్ట్రంలోని నిఘా, భద్రతా విభాగాలను సెక్షన్ 24(4) కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి మినహాయించవచ్చు. ఆ సెక్షన్ చూపి నిరాకరిస్తే నోటిఫికేషన్ నంబరు, తేదీ, నకలు అడగండి. 2008 జూన్ 29న ఒడిశా బలిమెల జలాశయంలో పడవ మీద జరిగిన మావోయిస్టుల దాడిలో 38 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు మన గ్రేహౌండ్స్ కమాండోలు. అలాంటి ఘటనలో వ్యూహం, దారి, ఆయుధాలు రహస్యం కావచ్చు. ఎన్ని కుటుంబాలకు పరిహారం అందిందన్నది రహస్యం కానే కాదు. దాన్ని గ్రేహౌండ్స్‌ను కాకుండా హోంశాఖను అడగండి.

గాయపడినవారి వివరాలు దొరకడం ఎందుకింత కష్టం?

మరణానికి ఒక ఫైలు తప్పనిసరిగా తెరుచుకుంటుంది. గాయానికి అలా కాదు. రాళ్ల దాడిలో తలకు కుట్లు పడిన కానిస్టేబులు మూడో రోజున డ్యూటీకి వస్తే, ఆ గాయం జీడీలో ఒక పంక్తిగా, వైద్య సెలవుగా మిగిలిపోతుంది. వెన్ను దెబ్బతిని ఏళ్ల తరబడి బాధపడేవారి లెక్క ఎక్కడా ఒకచోట ఉండదు. చనిపోయినవారికి ఇచ్చే గౌరవంలో సగమైనా వీరికి అందాలంటే ముందు లెక్క తేలాలి.

అందుకే పక్కదారిలో వెళ్లాలి. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని గాయపరచడం, దాడి చేయడం పాత శిక్షాస్మృతిలో 332, 333, 353 సెక్షన్లు. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 121, 132. ఈ సెక్షన్ల కింద నమోదైన ఎఫ్ఐఆర్‌ల సంఖ్య అడిగి, "ఫిర్యాదీ లేదా బాధితుడు పోలీసు సిబ్బంది అయినవి విడిగా" అని చేర్చండి. లేకపోతే ఆర్టీసీ కండక్టర్ల మీద, వైద్యుల మీద, రెవెన్యూ సిబ్బంది మీద జరిగిన దాడులన్నీ కలిసిపోతాయి. ఆరోగ్య భద్రత కింద విధి నిర్వహణ గాయాలకు జరిగిన చెల్లింపుల సంఖ్య, డ్యూటీ గాయాలకు మంజూరైన ప్రత్యేక సెలవుల సంఖ్య కూడా అడగండి. మూడు అంకెలూ సరిపోలవు. ఆ మూడింటి నడుమ అసలు పరిస్థితి అంచనాకు వస్తుంది.

డ్యూటీలో గుండెపోటుతో పోయినవారు, కొవిడ్‌తో పోయినవారు, ఆత్మహత్యలు?

ఇవి ఏ పద్దులోకి వెళ్లాయో అడగడమే ఇక్కడ అసలు ప్రశ్న. ఎన్నికల బందోబస్తులోనో జాతర డ్యూటీలోనో కుప్పకూలిన మనిషిని సహజ మరణంగా రాస్తే కుటుంబానికి వచ్చేది మారిపోతుంది. "డ్యూటీ సమయంలో అనారోగ్యంతో మరణించిన సిబ్బంది సంఖ్య, వారిలో విధి నిర్వహణ మరణంగా పరిగణించినవారి సంఖ్య" అని రెండూ కలిపి అడగండి. 2020, 2021 సంవత్సరాలకు కొవిడ్ మరణాలను విడిగా చూపమనండి.

ఆత్మహత్యల విషయంలో ఏటా సంఖ్య, హోదా మించి అడగవద్దు. ఎలా జరిగింది, ఏం రాసిపెట్టారు వంటి వివరాలు కుటుంబానివి.

30 రోజులు దాటినా జవాబు లేదు.

జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. అదే కార్యాలయంలోని పై అధికారికి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు పెట్టండి, దానికి ఫీజు లేదు. 30 రోజుల్లో, కారణం రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పడవచ్చు. మొదటి అప్పీలు దశలోనే చాలా కాగితాలు బయటికి వస్తాయి కాబట్టి దాన్ని తూతూమంత్రంగా రాయకండి. కమిషన్ దాకా వెళ్తే ఓపిక పట్టాలి. తెలంగాణ కమిషన్ 2023 నుంచి 2025 దాకా కమిషనర్లే లేక ఆగిపోయింది, అప్పీళ్లు పేరుకుపోయాయి.

చాలా పాత ఘటనలకు రికార్డులు దొరుకుతాయా?

20 ఏళ్లు దాటిన సమాచారానికి సెక్షన్ 8(3) ప్రకారం వ్యక్తిగతం, దర్యాప్తు వంటి మినహాయింపులు వర్తించవు. దేశ భద్రత, చట్టసభ హక్కులు, మంత్రివర్గ పత్రాల వంటి కొన్ని మాత్రమే మిగులుతాయి. గ్రేహౌండ్స్‌ను తీర్చిదిద్దిన కె.ఎస్.వ్యాస్ 1993 జనవరిలో, మరో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్ర 1999 సెప్టెంబరులో హైదరాబాద్‌లోనే హత్యకు గురయ్యారు. ఆ కాలపు ఫైళ్ల మీద పరిశోధన చేసేవారు ఈ సెక్షన్‌ను మొదటి పంక్తిలోనే ఉటంకించాలి. ఫైలు నాశనం చేశామంటే, నాశనానికి అనుమతించిన ఉత్తర్వు, ఆ రిజిస్టరు పేజీ అడగండి. 2014 జూన్ 2కు ముందువి ఉమ్మడి రాష్ట్ర రికార్డులు కాబట్టి రెండు డీజీపీ కార్యాలయాలకూ దరఖాస్తు పెట్టడం సబబు.

ఇంకా వెనక్కి వెళ్తే ఆర్కైవ్స్‌లో వెతకాలి. మన్యం తిరుగుబాటులో 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు చనిపోయారు. ఆ నాటి పత్రాలు మద్రాసు ప్రభుత్వానివి కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. నిజాం పాలన నాటివి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో.

హోంగార్డులు, అటవీ సిబ్బంది ఈ లెక్కలోకి వస్తారా?

తమంతట తాముగా రారు. హోంగార్డులను విడిగా పేర్కొని అడగాలి, లేకపోతే "పోలీసు సిబ్బంది" అన్న మాటకు వారిని మినహాయించి జవాబిస్తారు. అదే ఎండలో, అదే కూడలిలో నిలబడే మనిషిని లెక్కలోంచి వదిలేయడం నాకు మింగుడుపడదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అటవీ రేంజి అధికారి హత్య వంటి ఘటనలకు అటవీ శాఖకు, రైల్వే రక్షణ దళానికి రైల్వేకు, ఎక్సైజ్ సిబ్బందికి ఆ శాఖకు వేరుగా దరఖాస్తు పెట్టాలి.

అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి అడగవచ్చా?

భారత పౌరసత్వం ఉంటే అడగవచ్చు. ఓసీఐ కార్డు మాత్రమే ఉంటే చట్టం ప్రకారం హక్కు లేదు, ఇక్కడున్న తోబుట్టువు పేరున పెట్టించండి. కేంద్ర కార్యాలయాలకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. విదేశాల్లోని పౌరుల కోసం తపాలా శాఖ 2013లో ఎలక్ట్రానిక్ పోస్టల్ ఆర్డరు కూడా తెచ్చింది. రాష్ట్ర పోలీసు కార్యాలయాల విషయంలో ఊళ్లో ఉన్నవారి చేత తపాలాలో పంపించడమే తేలిక.

వచ్చిన సమాచారాన్ని ప్రచురించవచ్చా?

సంఖ్యలు, ఉత్తర్వులు నిశ్చింతగా ప్రచురించండి. పోస్టుమార్టం నివేదిక, ఫొటోలు, ఇంటి చిరునామా, పిల్లల పేర్లు చట్టబద్ధంగా మీ చేతికి వచ్చినా బయట పెట్టకండి. మావోయిస్టు ప్రాంతంలో పనిచేసి గాయపడినవారి ఊరు, ప్రస్తుత పోస్టింగ్ రాయడం వారి ప్రాణానికే ముప్పు. జిల్లా వారీ పట్టికలో సంఖ్య ఒకటో రెండో ఉంటే పేరు లేకపోయినా మనిషిని గుర్తుపట్టేస్తారు, అప్పుడు పక్క జిల్లాలతో కలిపి చూపండి. ఒక మృతుడి కథను పేరుతో రాయాలనుకుంటే, అచ్చుకు ముందు కుటుంబానికి చదివి వినిపించండి. వారు వద్దన్న వాక్యం తీసేయండి.